కచ్: ఉప్పునేల, కట్టడాలు, చేతిపనులు

గుజరాత్‌కు పడమటి కొసన, పాకిస్తాన్‌లోని సింధ్‌ను ఆనుకుని ఉన్న ఎడారి ప్రాంతం కచ్. విస్తీర్ణంలో దేశంలోని జిల్లాలన్నిటిలోకీ ఇదే పెద్దది. 45 వేల చదరపు కిలోమీటర్లు దాటుతుంది. కేరళ రాష్ట్రం మొత్తం ఇందులో పట్టగా ఇంకా చోటు మిగులుతుంది. జనాభా మాత్రం 2011 లెక్కల్లో సుమారు 21 లక్షలే. జిల్లా కేంద్రం భుజ్. ఇక్కడి భాష కచ్ఛీ, సింధీకి దగ్గరి చుట్టం. రాతకోతలు గుజరాతీ లిపిలో సాగుతాయి. 1948 దాకా ఇది జాడేజా వంశీయుల సంస్థానం, సొంత నాణెం 'కోరీ' చలామణీలో ఉండేది. ఆ తర్వాత 1956 వరకు కేంద్రం ఏలుబడిలో విడి రాష్ట్రంగా ఉంది. అప్పుడు బొంబాయి రాష్ట్రంలో కలిసి, 1960లో గుజరాత్ వాటాకు వచ్చింది.

హరప్పా కాలపు నగరం మొదలుకొని నిన్నమొన్నటి భూకంప స్మారకం వరకు ఇక్కడ చూడదగ్గ కట్టడాలకు కొదవ లేదు. అద్దకం, నేత, కుట్టుపని, కుండలు, గంటలు, లక్కపని అంటూ చేతిపనుల చిట్టా కూడా పెద్దదే. వీటిని విడివిడిగా చూసి వచ్చేస్తే అర్థమయ్యేది సగమే. ఏ ఊరు ఎందుకు వెలసింది, ఎందుకు పాడుబడింది, ఇల్లు గుండ్రంగా ఎందుకుంది, అద్దకంవాళ్లు ఒక ఊరు వదిలి మరో ఊరు ఎందుకు కట్టుకున్నారు? ఏది అడిగినా కచ్‌లో జవాబు తిరిగి తిరిగి రెండింటి దగ్గరికే వస్తుంది: నీళ్లు, భూకంపం.

నేల తీరు

ఎడారి అనగానే ఇసుక తిన్నెలు ఊహించుకుని వచ్చేవారికి ఇక్కడ అవి దాదాపు కనబడవు. కచ్‌కు ఉత్తరాన పెద్ద రణ్, తూర్పున చిన్న రణ్ ఉన్నాయి. దక్షిణాన కచ్ సింధుశాఖ, పడమట అరేబియా సముద్రం. రణ్ ఒకప్పుడు సముద్రపు పాయ. నదులు తెచ్చిన ఒండ్రుతో, భూమి పైకి లేవడంతో పూడి, చదునైన ఉప్పుబురదగా మిగిలింది. వానాకాలంలో పోటునీరు, వాననీరు కలిసి దాన్ని ముంచెత్తుతాయి. అప్పుడు మధ్యలో ఎత్తుగా ఉన్న చోట్లు దీవులైపోతాయి. వాటిని 'బేట్' అంటారు. వానలు వెనకబట్టాక నీరు ఇగిరి ఉప్పు పేరుకుంటుంది. నవంబరు నాటికి పైన తెల్లటి పెచ్చు కడుతుంది గాని అడుగున బురద ఇంకా మెత్తగానే ఉంటుంది. డిసెంబరు దాటితేనే కాలు దిగబడకుండా నడవవచ్చు.

వాన దీర్ఘకాల సగటున ఏడాదికి 40 సెంటీమీటర్ల లోపే. మనకు కరువుసీమగా పేరుపడ్డ అనంతపురంలో కూడా సుమారు 55 సెంటీమీటర్లు పడుతుంది. పైగా ఈ కొద్దిపాటి వానకూ నమ్మకం లేదు. రెండు మూడేళ్లు వరసగా మొహం చాటేసి, ఒక్క ఏడాది వరదై వస్తుంది. కచ్‌వాసులు కొత్త సంవత్సరాన్ని ఆషాఢ శుద్ధ విదియ నాడు చేసుకుంటారు. మబ్బు కోసం మొహం ఎత్తి చూసే రోజుల్లో ఏడాది మొదలవడం ఈ నేలకు తగిన లెక్కే.

పెద్ద రణ్‌కు దక్షిణపు అంచున బన్నీ గడ్డిభూములు ఉన్నాయి. పశువుల కాపరులకు శతాబ్దాలుగా అవే ఆధారం. రాత్రిపూట మేసే బన్నీ గేదెలను 2010లో ప్రత్యేక జాతిగా గుర్తించారు. సముద్రపు పాయల్లో ఈదుకుంటూ పోయి మడ ఆకు మేసి వచ్చే ఖారాయి ఒంటెలు కూడా కచ్ సొత్తే. ఉప్పు ముందుకు రాకుండా ఆపుతుందని 1961లో అటవీశాఖ బన్నీలో ఒక విదేశీ ముళ్లచెట్టును నాటించింది. అది ఉప్పును ఆపడం సంగతి అటుంచి గడ్డినే మింగేసింది. మన ఊళ్లలో చెరువుగట్లన్నీ ఆక్రమించిన సర్కారు తుమ్మ కూడా అదే. కచ్‌లో దాన్ని 'గాండో బావళ్', అంటే పిచ్చి తుమ్మ అంటారు. చిన్న రణ్‌లో 1973 నుంచి అడవి గాడిదల అభయారణ్యం ఉంది. అదే నేలలో అగరియాలనే ఉప్పుకూలీలు భూగర్భంలోని ఉప్పునీరు తోడి మడుల్లో ఎండబెడతారు.

ధోలావీరా

పెద్ద రణ్ మధ్యలో ఖదీర్ అనే దీవి మీద, మాన్సర్, మన్హర్ అనే రెండు వాగుల నడుమ సింధు నాగరికతకు చెందిన ఒక మహానగరం ఉంది. 1960వ దశకం చివర్లో జగత్‌పతి జోషి దీన్ని వెలుగులోకి తెచ్చారు. 1990 ప్రాంతం నుంచి ఆర్.ఎస్. బిష్ట్ ఆధ్వర్యంలో విస్తారంగా తవ్వకాలు జరిగాయి. క్రీస్తుపూర్వం 3000 నుంచి 1500 దాకా ఇక్కడ జనం నివసించారు. 2021 జులై 27న ధోలావీరా యునెస్కో ప్రపంచ వారసత్వ జాబితాలోకి ఎక్కింది. అంతకు రెండురోజుల ముందే, అదే సమావేశంలో, పాలంపేటలోని రామప్ప గుడికి ఆ గుర్తింపు దక్కింది.

మొహెంజోదారో ఇటుకల నగరం. ధోలావీరాలో రాతిదే పెద్దపీట. కోట, నడిమి ఊరు, దిగువ ఊరు అని మూడు భాగాలు, చుట్టూ ప్రాకారం. అయితే చూడాల్సింది గోడలకంటే ముందు చెరువులను. వానకాలంలో నాలుగు రోజులే పారే రెండు వాగులకు అడ్డుకట్టలు వేసి, ఆ నీటిని ప్రాకారం లోపల వరసగా తవ్విన జలాశయాల్లోకి మళ్లించారు. తూర్పున ఉన్నది 73 మీటర్ల పొడవు, 29 మీటర్ల వెడల్పు. నీటిమట్టం తగ్గేకొద్దీ దిగడానికి మెట్లు. కోట మీద పడిన వానచుక్క కూడా వృథా పోకుండా రాతి కాలువలు పరిచారు. వాటిలో కొన్నింటిలోంచి మనిషి వంగి నడిచిపోవచ్చు. ఇప్పుడు అక్కడ నిలబడితే కనుచూపు మేర ఉప్పు తప్ప మరేమీ ఉండదు. అలాంటి చోట పదిహేను వందల ఏళ్లు ఒక ఊరు నిలిచిందంటే ఆ కాలువలే కారణం.

కోట ఉత్తర ద్వారం పక్కన మరో విశేషం బయటపడింది. పది పెద్ద గుర్తులను జిప్సం ముక్కలతో చెక్క పలక మీద పొదిగి, బహుశా ద్వారంపైన వేలాడదీశారు. పలక కుళ్లిపోయింది, అక్షరాలు నేలమీద వరసగా మిగిలాయి. ఊరిపేరో, రాజుపేరో, దుకాణం బోర్డో ఇప్పటికీ ఎవరూ చదవలేకపోయారు.

భుజ్ రాజులు, వారి కట్టడాలు

సింధ్ నుంచి వచ్చిన జాడేజాలు 16వ శతాబ్దంలో కచ్‌ను ఒక ఏలుబడి కిందికి తెచ్చారు. మొదటి ఖేంగార్జీ 1549లో భుజ్‌ను రాజధాని చేసుకున్నాడు. పట్టణం నడుమనున్న హమీర్‌సర్ చెరువు ఆనాటిదే. వాన బాగా కురిసి ఆ చెరువు అలుగు పారిందంటే భుజ్‌లో ఈనాటికీ సెలవు ప్రకటిస్తారు, ఊరికంతటికీ 'మేఘ లడ్డు' పంచుతారు. ప్రభుత్వ కార్యాలయాలకు ఒక చెరువు సెలవిచ్చే ఊరు ఇంకొకటి ఉందో లేదో!

దర్బార్‌గఢ్ ఆవరణలోని ఐనా మహల్ 18వ శతాబ్దం నడుమ రావ్ లఖ్‌పత్‌జీ కట్టించిన అద్దాల మేడ. దీని వెనక రామ్‌సింగ్ మాలమ్ అనే నావికుడి కథ ఉంది. ఓడ మునిగి సముద్రంలో కొట్టుకుపోతున్న అతన్ని డచ్ ఓడ కాపాడి ఐరోపా చేర్చిందంటారు. అక్కడ ఏళ్లు గడిపి గాజుపని, గడియారాల తయారీ, ఎనామెల్ పూత, పింగాణీ పలకల తయారీ నేర్చుకుని తిరిగి వచ్చాడు. తన విద్యను ఆదరించే దొర కోసం వెతికి లఖ్‌పత్‌జీ కొలువులో కుదిరాడు. ఐనా మహల్ నేలమీది తెలుపు నీలం పలకలు హాలెండు డెల్ఫ్ట్ పలకలకు కచ్ జవాబు. లోపలి ఫువారా మహల్‌లో రాజు కూర్చునే అరుగు చుట్టూ నీళ్లు, ఆ నీళ్లలో ఫౌంటెన్లు. ఎడారి రాజు తన వైభవాన్ని బంగారంతో కాక నీళ్లతో చాటుకున్న గది అది. లఖ్‌పత్‌జీ స్వయంగా కవి. భుజ్‌లో వ్రజభాష కవిత్వం నేర్పే పాఠశాల కూడా పెట్టించాడు.

పక్కనే ఉన్న ప్రాగ్ మహల్ పూర్తిగా వేరే రుచి. రెండో ప్రాగ్‌మల్‌జీ 1865లో మొదలుపెట్టించగా 1879లో పూర్తయింది. నమూనా ఇచ్చింది కల్నల్ హెన్రీ సెయింట్ క్లెయిర్ విల్కిన్స్. ఇటలీ గోతిక్ శైలి, 45 మీటర్ల గడియార స్తంభం. హంగు ఉంది, ఎత్తు ఉంది; అయినా ఐనా మహల్‌లోని చిలిపి ఊహ ముందు ఇది కాస్త బిగుసుకుపోయినట్టే అనిపిస్తుంది. చెరువు దగ్గర్లోని రాజ సమాధి మండపాలు, అంటే 'ఛతర్డీ'లు, 2001 భూకంపంలో చాలావరకు కూలిపోయాయి. మిగిలిన స్తంభాల మీది శిల్పం చూస్తే పోయినదెంతో ఊహకు అందుతుంది. 1877లో ఏర్పడ్డ కచ్ మ్యూజియం గుజరాత్‌లోకెల్లా పాతది. క్షత్రపుల కాలపు శాసనాలు ఇక్కడ ఎక్కువ.

నది వదిలిపోయిన లఖ్‌పత్

భుజ్ నుంచి 130 కిలోమీటర్లకు పైగా వాయవ్యంగా వెళితే లఖ్‌పత్ కోట వస్తుంది. 1801లో జమాదార్ ఫతే మహమ్మద్ విస్తరించిన ఏడు కిలోమీటర్ల ప్రాకారం చెక్కుచెదరకుండా ఉంది. లోపల ఊరు లేదు. కొద్ది ఇళ్లు, ఒక గురుద్వారా, ఘౌస్ మహమ్మద్ అనే సూఫీ సాధువు సమాధి మిగిలాయి. ఒకప్పుడు సింధు నది పాయ ఒకటి ఈ గోడ పక్కనుంచి పారేది. నది మీద సరుకు, పక్కన వరిపొలాలు ఉండేవి. రోజుకు లక్ష కోరీల రాబడి ఉండేదని చెప్పుకుంటారు.

1819 జూన్ 16న వచ్చిన భూకంపం ఆ నదికీ కచ్‌కూ నడుమ అడ్డుకట్ట వేసింది. రణ్ ఉత్తర భాగంలో 80 కిలోమీటర్లకు పైగా పొడవున భూమి గట్టులా లేచింది. మనుషులెవరూ వేయని కట్ట కాబట్టి జనం దానికి 'అల్లా బంద్' అని పేరు పెట్టారు. దాని దక్షిణాన నేల కుంగి సింద్రీ కోట నీట మునిగింది. భూమి కళ్లెదుటే ఎలా లేస్తుందో, ఎలా కుంగుతుందో చూపడానికి చార్లెస్ లయెల్ తన భూవిజ్ఞాన గ్రంథంలో ఈ సంఘటననే ఉదహరించాడు. లఖ్‌పత్‌కు నీళ్లు ఆగిపోయాయి, పంట పోయింది, ఓడలు రావడం మానేశాయి. వర్తకులు మాండవికో భుజ్‌కో తరలిపోయారు. గురునానక్ మక్కా యాత్రలో ఇక్కడ ఆగాడని సిక్కుల విశ్వాసం. ఆ గురుద్వారా పరిరక్షణకు 2004లో యునెస్కో ఆసియా పసిఫిక్ పురస్కారం వచ్చింది.

భుంగా

బన్నీ పల్లెల్లో కనబడే గుండ్రటి మట్టి ఇంటిని భుంగా అంటారు. పచ్చి ఇటుకలతో గానీ, కొమ్మల తడికకు మట్టి మెత్తి గానీ గోడ లేపుతారు. పైన శంకువు ఆకారంలో గడ్డికప్పు. ఇంటికి ఒకటే గది, దానికి చిన్న కిటికీలు. వంటకు, పశువులకు, చుట్టాలకు వేర్వేరు భుంగాలు కట్టి అన్నింటినీ ఒకే ఎత్తైన మట్టి అరుగు మీద నిలబెడతారు. మందపు మట్టిగోడ మధ్యాహ్నపు ఎండను లోపలికి రానివ్వదు. గుండ్రటి గోడ మీద ఎడారి గాలి దెబ్బ కూడా పక్కలకు జారిపోతుంది.

భూకంపానికీ ఈ ఆకారమే రక్ష. నలుచదరపు ఇంట్లో నేల ఊగినప్పుడు మూలల దగ్గర గోడలు విడిపోతాయి. గుండ్రటి గోడకు మూలే లేదు. కప్పు తేలిక కాబట్టి పడినా ప్రాణం తీయదు. 1819 తర్వాతే ఈ రూపం స్థిరపడిందని ఒక వాదన. 2001లో రాయి, సిమెంటు ఇళ్లు వేలల్లో నేలమట్టమైనప్పుడు సరిగా చూసుకున్న భుంగాలు చాలావరకు నిలబడ్డాయి. లోపలి గోడల మీద ఆడవాళ్లు మట్టి, పేడ కలిపిన ముద్దతో గీతలు తీసి, నడుమ అద్దపు బిళ్లలు అద్దుతారు. దీన్ని 'లిప్పన్' పని అంటారు. సాయంత్రం ఒక్క దీపం పెడితే చాలు, గోడంతా మెరుస్తుంది. నగరాల్లో ఇప్పుడు ప్లైవుడ్ పలక మీద చేసి గోడకు తగిలించుకునే లిప్పన్‌కు ఇదే మూలం. మట్టిగోడ లేకపోతే అందులో సగం పని పోయినట్టే.

2001

ఆ ఏడాది జనవరి 26 ఉదయం 8 గంటల 46 నిమిషాలకు భచావు దగ్గర కేంద్రంగా భూమి కంపించింది. ప్రభుత్వ లెక్కల్లోనే 13,805 మంది చనిపోయారు. అంజార్‌లో గణతంత్ర దినోత్సవ ఊరేగింపుగా సన్నటి సందులో నడుస్తున్న బడిపిల్లల మీద ఇళ్లు కూలాయి. భచావు, భుజ్ పాత పట్టణం, రాపర్ శిథిలాలయ్యాయి.

పునర్నిర్మాణం రెండు దారుల్లో నడిచింది. పన్ను రాయితీలతో కర్మాగారాలు దిగాయి, రోడ్లు వెడల్పయ్యాయి. ఇంకోవైపు భుజ్‌లోని హున్నర్‌శాల వంటి సంస్థలు స్థానిక మేస్త్రీలతో కలిసి మట్టి, కొయ్య నిర్మాణాలను భూకంపానికి తట్టుకునేలా మెరుగుపరిచాయి. ఈ రెండో దారి ఫలం పరిమాణంలో చిన్నదే గాని కచ్ గురించి తెలుసుకోదలచినవారికి అదే ముఖ్యం. 2022లో భుజియా కొండ మీద 'స్మృతివన్' స్మారకం ప్రారంభమైంది. కొండవాగులకు చిన్న చిన్న చెక్‌డ్యాములు కట్టి, వాటి గోడల మీద మృతుల పేర్లు పలకలుగా అమర్చారు.

అజ్రఖ్

కచ్ చేతిపనుల్లో అన్నిటికంటే ప్రసిద్ధమైనది అజ్రఖ్ అద్దకం. ముదురు నీలం, మంజిష్ఠ ఎరుపు, నలుపు, తెలుపు. నక్షత్రాలు, తీగలు, మబ్బులు కలిసి లెక్క ప్రకారం వేసిన ముగ్గు. మేలురకంలో బట్టకు రెండువైపులా ఒకే అచ్చు తప్పకుండా కుదరాలి. సింధ్ నుంచి వచ్చిన ఖత్రీ కుటుంబాలను రావ్ భార్‌మల్‌జీ ఆదరించాడనీ, బట్ట ఉతకడానికి వీలుగా సారన్ నది ఒడ్డున ధమడ్కా ఊళ్లో వాళ్లు స్థిరపడ్డారనీ చెబుతారు. నాలుగు శతాబ్దాల కిందటి మాట అది. పశువుల కాపరులైన మాల్ధారీలు దీన్నే లుంగీగా, తలపాగాగా, దుప్పటిగా వాడుకునేవారు.

పని రెండు మూడు వారాలు పడుతుంది. ముందు బట్టను ఒంటె పేడ, సోడా, ఆముదం కలిపిన నీళ్లలో నానబెట్టి, ఎండబెట్టి, మళ్లీ నానబెడతారు. ఒక మూల చేత్తో రుద్దితే నురుగు రావాలి. అప్పుడే గుడ్డ సిద్ధమైనట్టు. తర్వాత కరక్కాయ నీళ్లలో ముంచితే లేత పసుపుకు తిరుగుతుంది. తెల్లగా ఉండాల్సిన గీతలను సున్నం, బంక కలిపిన ముద్దతో అచ్చు వేస్తారు. నలుపు రావాల్సిన చోట బెల్లం నీళ్లలో తుప్పు ఇనుము రోజుల తరబడి పులియబెట్టిన ద్రవాన్ని చింతగింజల పిండితో చిక్కబరిచి అద్దుతారు. ఎరుపు రావాల్సిన చోట పటిక, మట్టి కలిపిన ముద్ద వేసి, అది అంటుకుపోకుండా పైన రంపపు పొట్టు చల్లుతారు. ఇంతవరకు బట్ట మీద ఎక్కడా ఎరుపు లేదు. చూసేవారికి బురద అంటిన గుడ్డలా ఉంటుంది.

ఆ గుడ్డను నీలిమందు తొట్టిలో ముంచి తీయగానే పచ్చగా కనిపిస్తుంది. గాలి తగిలేకొద్దీ ఆ పచ్చదనం చూస్తుండగానే నీలమవుతుంది. తొట్టిలో ఆమ్లజని లేక రంగు కరిగి ఉంటుంది, బయటి గాలిలో ఆమ్లజని అంది పోగుల్లో గట్టిపడుతుంది. ఆ తర్వాత నీళ్లలో ఉతికి, మంజిష్ఠ లాంటి ఎర్ర రంగు నీళ్లలో కాగబెడితే పటిక ఉన్న చోట ఎరుపు, ఇనుము ఉన్న చోట నలుపు తేలతాయి. పెడన, మచిలీపట్నం అద్దకంలోనూ, శ్రీకాళహస్తి కలంకారీలోనూ ఇదే రసాయన శాస్త్రం: కరక్కాయ, పటిక, బెల్లపు తుప్పునీరు. మన అద్దకంవాళ్లు ధమడ్కా వెళ్తే భాష రాకపోయినా పని అర్థమవుతుంది.

19వ శతాబ్దం రెండో సగంలో కృత్రిమ రంగులు వచ్చాక, 20వ శతాబ్దంలో ఇక్కడా చెట్టు రంగులు మూలపడ్డాయి. 1970వ దశకంలో మహమ్మద్ సిద్దీక్ ఖత్రీ వాటిని తిరిగి పట్టుకున్నాడు. ఆయన కొడుకు ఇస్మాయిల్ మహమ్మద్ ఖత్రీకి 2003లో ఇంగ్లండులోని డి మాంట్‌ఫోర్ట్ విశ్వవిద్యాలయం గౌరవ డాక్టరేటు ఇచ్చింది. ఈలోగా సారన్ నది ఎండిపోయింది. భూకంపం తర్వాత బావుల్లో మిగిలిన నీటిలో ఇనుము పెరిగింది. పటిక వేసిన చోట కూడా ఇనుము పట్టి ఎరుపు మసకబారింది. నీళ్లు మారితే పని లేదు. చాలా కుటుంబాలు భుజ్‌కు దగ్గర్లో నేల కొని కొత్త ఊరు కట్టుకున్నాయి. దానికి అజ్రఖ్‌పుర్ అనే పేరు పెట్టుకున్నాయి. పని పేరు మీద ఊరు పుట్టింది గాని, ఆ ఊరి స్థలం నిర్ణయించింది నీటి నాణ్యత.

మిగతా పనులు

నిరోనా ఊరిది రోగన్ చిత్రం. ఆముదాన్ని గంటల తరబడి, కొన్నిసార్లు రెండురోజులు, మరిగించి చల్లటి నీళ్లలో పోస్తే జిగురు ముద్ద అవుతుంది. దానికి రంగు పొడి కలిపి, ఎడమ అరచేతిలో కొద్దిగా పెట్టుకుని, ఇనుపపుల్లతో తిప్పుతూ దారంలా సాగదీస్తారు. పుల్ల గుడ్డను తాకదు. సాగిన రంగుదారమే గాలిలోంచి దిగి గుడ్డ మీద గీతవుతుంది. సగం బొమ్మ వేశాక గుడ్డను మడిచి ఒత్తితే రెండో సగం దానంతట అదే పడుతుంది. ఒకప్పుడు రైతుల ఇళ్లల్లో పెళ్లికూతురి లంగాలకు వేసిన ఈ పని మిల్లు బట్టల పోటీకి దాదాపు పోయి, ఒక్క ఖత్రీ కుటుంబం చేతిలో బతికింది. ఆ కుటుంబానికి చెందిన అబ్దుల్ గఫూర్ ఖత్రీకి 2019లో పద్మశ్రీ వచ్చింది.

అదే ఊళ్లోనూ, దగ్గర్లోని జురాలోనూ పశువుల మెడలో కట్టే గంటలు చేస్తారు. ఎక్కడా అతుకు వేయరు. ఇనుప రేకును సమ్మెటతో కొట్టి ముడిచి, రాగిపొడి, మట్టి పూసి కొలిమిలో కాలుస్తారు. చివర్లో అంచును కొద్దికొద్దిగా కొడుతూ చెవి దగ్గర పెట్టుకుని శ్రుతి సరిచేస్తారు. కాపరికి ప్రతి పశువు గంటా వేరుగా వినబడాలి, చీకట్లో మంద ఎటు పోయిందో తెలియాలి. కొనేవాళ్లిప్పుడు వరండాల్లో వేలాడదీసుకునేవారే ఎక్కువ.

భుజ్‌కు ఎనిమిది కిలోమీటర్ల భుజోడిలో వణకర్లు దుప్పట్లు, శాలువలు నేస్తారు. ఇక్కడి నేతకు, రబారీ కాపరులకు పాత లంకె ఉంది: గొర్రెబొచ్చు రబారీలది, నేత వణకర్లది. మిల్లు నూలు, కృత్రిమ ఉన్ని ఆ బంధాన్ని సడలించాయి. ఖమీర్ సంస్థ చొరవతో కాలా కాటన్ అనే వానాధార దేశవాళీ పత్తి నేత మళ్లీ మొదలైంది. పొందూరు ఖద్దరుకు వాడే పత్తిలాగే ఇదీ పొట్టి పింజె, మరకు లొంగనిది, చేతికే లొంగేది. బాంధణీ, అంటే ముడులు కట్టి వేసే అద్దకంలో, చుక్కలు కట్టేది ఎక్కువగా ఆడవాళ్లు, ఇంటి దగ్గరే. రంగు వేసేది ఖత్రీలు. ఖావ్డా ఊరి కుండల మీద ఎర్రమట్టి గీతలు వేసేది కూడా ఆడవాళ్లే.

కుట్టుపని

సూఫ్, ఖారెక్, పక్కో, రబారీ, జత్, ముత్వా, అహీర్: ఇవి డిజైన్ల పేర్లుగా దుకాణాల్లో వినిపిస్తాయి గాని ఒక్కొక్కటీ ఒక్కో సమూహానికో, వలసకో గుర్తు. సూఫ్ పని చేసే సోఢా, మేఘవాళ్ కుటుంబాలు 1971 యుద్ధ కాలంలో సింధ్‌లోని థార్‌పార్కర్ నుంచి వచ్చాయి. సూఫ్‌లో బొమ్మ గీసుకోరు. పోగులు లెక్కపెట్టుకుంటూ గుడ్డ వెనకవైపు నుంచి కుడతారు.

ఈ కుట్టు ఒకప్పుడు అమ్మకానికి కాదు, సారె కోసం. 1969 కరువులో చందాబెన్ ష్రాఫ్ ధనేటీ ఊళ్లో ఆడవాళ్ల చేత చీరలు కుట్టించి అమ్మడంతో శ్రుజన్ సంస్థ పుట్టింది. అది 2016లో అజ్రఖ్‌పుర్‌లో పెట్టిన మ్యూజియం కచ్ కుట్లన్నిటినీ ఒకచోట చూడటానికి ఉత్తమమైన చోటు. సారె వ్యవహారానికి ఇంకో ముఖం కూడా ఉంది. సారె కుట్టడం పూర్తయ్యేదాకా కోడలు అత్తగారింటికి పోకూడదనే కట్టుబాటుతో ఢేబారియా రబారీల్లో కాపురాలు ఏళ్ల తరబడి ఆలస్యమయ్యేవి. దాంతో 1995లో పెద్దలు కుట్టుపనినే నిషేధించారు. ఆడవాళ్లు నిషేధాన్ని మన్నించి, సూది పనికి బదులు దుకాణంలో దొరికే రిబ్బన్లు, జరీలు మెషీన్ మీద అతికే 'హరి జరి' కనిపెట్టారు. పాబీబెన్ రబారీ చేసిన సంచులతో దానికి బయట పేరొచ్చింది. సంప్రదాయ కళ నశిస్తోందని బాధపడే వ్యాసాల్లో ఈ నిషేధం కథ ఎక్కువగా కనబడదు.

మాండవి

భుజ్‌కు 60 కిలోమీటర్ల దక్షిణాన ఉన్న రేవు మాండవి. రుక్మావతి నది ఒడ్డున ఇప్పటికీ కొయ్య ఓడలు కడతారు. ఒక ఓడకు రెండేళ్లో అంతకు మించో. పక్కనే 1929లో పూర్తయిన విజయ్ విలాస్ మహల్, లండన్‌లో ఇండియా హౌస్ నెలకొల్పిన శ్యామ్‌జీ కృష్ణవర్మ స్మారకం ఉన్నాయి. దబేలీ అనే చిరుతిండి పుట్టిందీ ఇక్కడే.

వెళ్లేవారికి

తెలుగు రాష్ట్రాల నుంచి అహ్మదాబాద్ మీదుగా వెళ్లడం సులువు. అక్కడినుంచి భుజ్ 330 కిలోమీటర్లు, రాత్రి రైళ్లున్నాయి. నవంబరు నుంచి ఫిబ్రవరి వరకు మంచి కాలం. మార్చి దాటితే ఎండను తట్టుకోవడం కష్టం, వానాకాలంలో రణ్ మునిగి ఉంటుంది. ధోర్డో దగ్గరి తెల్ల రణ్ చూడాలంటే అనుమతి పత్రం తీసుకోవాలి. సరిహద్దు ప్రాంతం కాబట్టి గుర్తింపు కార్డు దగ్గరుండాలి. శీతాకాలంలో అక్కడ జరిగే రణ్ ఉత్సవ్ గుడారాల ఊరు ఖరీదైనది. పౌర్ణమి రాత్రి ఉప్పు మీద నడవడం బాగుంటుంది, కానీ ఉన్న రోజులన్నీ ఆ గుడారాల్లోనే గడిపితే కచ్ చూసినట్టు కాదు. ఖావ్డా నుంచి ధోలావీరాకు రణ్ మీదుగా కొత్త రోడ్డు పడింది. ఒకప్పుడు భచావు, రాపర్ చుట్టూ తిరిగి రోజంతా పట్టిన ప్రయాణం ఇప్పుడు సగానికి తగ్గింది. ఖావ్డా దగ్గరే 30 గిగావాట్ల సౌర, పవన విద్యుత్ కేంద్రం లేస్తోంది. దారిలో గాలిమరలు కనబడతాయి. ఉత్తరాన కాలా డుంగర్ కొండ సుమారు 460 మీటర్లు, కచ్‌లో అన్నిటికంటే ఎత్తైనది అదే. అక్కడి దత్తాత్రేయ గుడిలో నక్కలకు ప్రసాదం పెట్టే ఆచారం ఉంది.

పనివాళ్ల ఊళ్లకు వెళ్లినప్పుడు ఆడవాళ్ల ఫొటోలు అడగకుండా తీయకూడదు. బేరం గురించి ఒక మాట: మూడు వారాలు పట్టిన బట్టకు పవర్‌లూమ్ ధర అడగడం మర్యాద కాదు. బజారులో అజ్రఖ్ పేరుతో దొరికేవాటిలో స్క్రీన్ ప్రింటు, మిల్లు ప్రింటు విరివిగా ఉంటాయి. తిరగేసి చూస్తే వెనకవైపు రంగు వెలవెలబోతుంది. అచ్చులు కలిసే చోట వెంట్రుకవాసి కూడా తేడా లేకుండా ఉంటే అది మిషను పనే అనుకోవచ్చు. చేతి అద్దకంలో గీత ఒకచోట కొంచెం లావై, ఇంకోచోట రంగు పలచబడి ఉంటుంది. అజ్రఖ్‌పుర్‌లో కొంటే ఆ అచ్చు వేసిన మనిషినే అడిగి తెలుసుకోవచ్చు.